అప్‌డేట్: "నీ చిత్తమే" అని ప్రార్థిస్తున్నా మనశ్శాంతి లేదు అని అడిగింది నేనే

కువైట్‌లో నర్సు ఉద్యోగం వచ్చింది, ఇక్కడ అత్తయ్యకు డయాలసిస్ నడుస్తోంది, వెళ్లాలా వద్దా తేలట్లేదు, "ప్రభువా, నీ చిత్తమే" అంటున్నా రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు అని రాశాను కదా. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

పనికొచ్చింది, సిలువకు ముందు రాత్రి యేసు గెత్సేమనే తోటలో చేసిన ప్రార్థన చదవమన్న సలహా. మత్తయి 26 పట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. యేసు ముందు తన కోరికే చెప్పాడు, గిన్నె, అంటే రాబోయే శ్రమ, తొలగిపోవాలని అడిగాడు, ఆ తర్వాతే తండ్రి చిత్తానికి అప్పగించుకున్నాడు, అదీ మూడుసార్లు ప్రార్థించాడు అని ఆయన చూపించారు. "నీకేం కావాలో దేవుడికి ఎప్పుడైనా చెప్పావామ్మా?" అన్నారు. ఆ రాత్రి చెప్పాను: కువైట్ వెళ్లాలనుంది, అప్పులు తీర్చాలనుంది, అత్తయ్య మీద కోపంగా ఉంది. ఏడుపొచ్చింది గానీ గుండె తేలికైంది.

చీట్లు వేసి తేల్చుకోమన్న సలహా పక్కన పెట్టాను. అపొస్తలుల కార్యములు 1లో యూదా స్థానంలో మత్తీయను ఎన్నుకోడానికి చీట్లు వేశారు గానీ, పెంతెకొస్తు రోజున పరిశుద్ధాత్మ దిగివచ్చిన తర్వాత సంఘం అలా నిర్ణయించినట్టు కనబడదని పాస్టరుగారు చెప్పారు. ఉపవాసం ఉండమన్న సలహా మంచిదే, ఈ టెన్షన్‌కి మాత్రం మందు అది కాదు.

మా ఆయనతో, డాక్టరుగారితో కూర్చుని మాట్లాడాక ఆఫర్ వద్దన్నాను. ఇక్కడే ఒక ఆసుపత్రిలో నైట్ డ్యూటీకి చేరాను. జీతం తక్కువే. కువైట్ వెళ్లిన ఫ్రెండ్ ఫొటోలు పెడితే ఇప్పటికీ కాస్త చివుక్కుమంటుంది, అదీ ప్రార్థనలో చెప్పేస్తున్నాను. నిద్ర మాత్రం పడుతోంది.