జర్మన్ లూథరన్ రాజులు ఫ్రాన్సుతో చేతులు కలిపితే అది దేశభక్తి ఎలా అవుతుంది?

ప్రశ్న: ఎం.ఏ. సెమినార్ పత్రం రాస్తున్నాను. 1552లో సాక్సనీ ఎలెక్టర్ (చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న రాజు) మోరిట్జ్, మరికొందరు లూథరన్ (ప్రొటెస్టెంట్) రాజులు పవిత్ర రోమన్ సామ్రాజ్యపు కాథలిక్కు చక్రవర్తి ఐదో చార్లెస్ మీద తిరగబడ్డారు. సాయం తీసుకున్నది కాథలిక్కు అయిన ఫ్రాన్సు రాజు రెండో హెన్రీ దగ్గర! పైగా ఇదంతా జర్మన్ స్వేచ్ఛ కోసమేనట. మతమా, దేశమా, ఏదని రాయాలి?

జవాబు: రెండూ కాదు, పదవి అని రాయండి. చార్లెస్‌కూ ప్రొటెస్టెంట్ రాజులకూ మధ్య జరిగిన 1546–47 యుద్ధంలో ఇదే మోరిట్జ్ చక్రవర్తి పక్షాన నిలిచి, తన దాయాది యోహాన్ ఫ్రీడ్రిష్ ఎలెక్టర్ పదవిని ఎగరేసుకుపోయాడు. అలాంటివాడికి దేశభక్తి ఏమిటండీ?

మరో జవాబు: మోరిట్జ్ బుద్ధి అలాంటిదే, కాదనను. కానీ అతని మాట జనానికి ఎందుకు ఎక్కిందో కూడా చూడాలి కదా. పరదేశి సైన్యాన్ని సామ్రాజ్యంలోకి తీసుకురానని 1519లో ఎన్నికైనప్పుడు చార్లెస్ ఒప్పుకున్నాడు. తీరా 1547లో యుద్ధం గెలిచాక స్పానిష్ దళాలను జర్మనీలోనే ఉంచాడు. మోరిట్జ్ మామగారైన హెస్సే పాలకుడు ఫిలిప్‌ను బందీగా పట్టుకుపోయాడు. అందుకే 1552లో చార్లెస్ ఇన్స్‌బ్రుక్ వదిలి పారిపోతుంటే కాథలిక్కు రాజులు కూడా చాలామంది చూస్తూ ఊరుకున్నారు. తిరగబడ్డవాళ్లు స్వేచ్ఛ అన్నది ప్రజలందరి స్వేచ్ఛ కాదు, చక్రవర్తి ముందు రాజులకూ నగరాలకూ ఉన్న పాత హక్కులు.

ఆ సాయానికి మూల్యమూ చెల్లించారు. షాంబోర్ ఒప్పందం ప్రకారం మెట్జ్, టూల్, వెర్డన్ నగరాలు హెన్రీ చేతికి పోయాయి. సొంత రాజ్యంలో ప్రొటెస్టెంట్లను అణచివేయడానికి 1551లో శాసనం చేసిన హెన్రీయే జర్మన్ స్వేచ్ఛకు రక్షకుడయ్యాడు!

ప్రశ్న వేసినవారు: అయితే మతాన్ని పక్కన పెట్టేయవచ్చా?

అదే జవాబుదారు: వద్దు. పక్కన 1635 పెట్టి చూడండి, అప్పుడు ముప్ఫై ఏళ్ల యుద్ధం నడుస్తోంది. మళ్లీ సాక్సనీయే. లూథరన్ ఎలెక్టర్ యోహాన్ గియోర్గ్ కాథలిక్కు చక్రవర్తి రెండో ఫెర్డినాండ్‌తో ప్రాగ్‌లో సంధి చేసుకున్నాడు. పరదేశి సైన్యాలను తరిమేద్దామన్నారు. ఆ పరదేశులు స్వీడన్‌వాళ్లు, అతని మతస్థులే! అయితే ఉత్తినే ఒప్పుకోలేదు. చర్చి ఆస్తులను కాథలిక్కులకు తిరిగి ఇప్పించే 1629 శాసనాన్ని చక్రవర్తి 40 ఏళ్లపాటు నిలిపివేశాడు. మతం విషయంలో భయం తగ్గాకే దేశం మాట కలిసింది. మీ పత్రానికి వాదన ఇక్కడే దొరుకుతుంది. కాథలిక్కులతో పాటు లూథరన్లకూ చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చిన 1555 ఆగ్స్‌బర్గ్ సంధిని మధ్యలో ఒక పేరాలో చెప్పండి, ప్రొటెస్టెంట్లలో మరో శాఖ అయిన కాల్వినిస్టులకు అందులో చోటు దక్కలేదన్నది మాత్రం మరవకండి.

మొదటి జవాబుదారు: స్వీడన్ పక్షాన వాదించినవాళ్లూ ఉన్నారుగా?

రెండో జవాబుదారు: ఉన్నారు. స్వీడన్ కొలువులో ఉన్న రచయిత కెమ్నిట్జ్ 1640ల్లో హిప్పోలిథస్ అనే మారుపేరుతో రాశాడు. అతని లెక్కలో జర్మనీకి అసలు శత్రువు ఈ చక్రవర్తుల హాప్స్‌బర్గ్ వంశమే. పేజీలు మిగిలితే అతణ్నీ చేర్చండి.