అప్‌డేట్: స్టెల్వియో మానేసి స్విస్ కనుమలకే వెళ్లొచ్చాం

పోయిన నెల అడిగాను కదా, మ్యూనిక్‌లో పోర్షే బాక్‌స్టర్ (టాప్ తెరుచుకునే రెండు సీట్ల కారు) అద్దెకు తీసుకుని నేనూ మా ఆవిడా నాలుగు రోజులు తిరగాలంటే ఇటలీలోని స్టెల్వియో కనుమకా, స్విట్జర్లాండ్‌కా అని. ఎక్కువమంది స్విట్జర్లాండే అన్నారు. మీ మాట విన్నందుకు చాలా సంతోషంగా ఉంది.

స్విట్జర్లాండ్‌లోని ఇన్నెర్ట్‌కిర్షెన్ అనే ఊరి నుంచి గ్రిమ్సెల్, ఫుర్కా, సుస్టెన్ కనుమలు చుట్టి మళ్లీ అక్కడికే వచ్చాం. సుమారు 120 కిలోమీటర్లే, కానీ పొద్దున ఆరున్నరకి బయల్దేరితే మధ్యాహ్నం దాటింది. ఆగకుండా ఎవరుంటారండీ! ఫుర్కా 2,400 మీటర్ల పైన. జులైలోనూ రోడ్డు పక్కన మంచు ఉంది. టాప్ తీసేసి, హీటర్ పెట్టుకుని వెళ్లాం. మలుపు దగ్గర మూతపడిన బెల్వెడేర్ హోటల్ ముందు ఆగాం. ఒకప్పుడు రోన్ హిమానీనదం దాని పక్కదాకా ఉండేదట. ఇప్పుడు మిగిలిన బోడి రాయి చూస్తే మనసు చివుక్కుమంది.

నాకున్న టెన్షన్ అంతా దిగుడు గురించే. మీరు చెప్పినట్టే రెండో గేర్‌లో ఉంచి, బ్రేక్ నొక్కిపట్టకుండా మలుపుకి ముందే కొట్టి వదిలేశాను. ఎక్కడా బ్రేకులు కాలిన వాసన రాలేదు. పసుపు పోస్ట్ బస్సు (అక్కడి ప్రయాణికుల బస్సు) మూడు స్వరాల హారన్ వినబడితే మాత్రం వెంటనే పక్కకి తీసి దారివ్వండి.

లగేజీ అడిగినవాళ్లకి: ముందు డిక్కీలో ఒక చిన్న ట్రాలీ, వెనక డిక్కీలో రెండు మెత్తని బ్యాగులు పట్టాయి. స్విస్ హైవే టోల్ స్టిక్కర్ 40 ఫ్రాంకులు, ముందే కొనుక్కోండి.