పెనుకొండ, లేపాక్షి, తిమ్మమ్మ మర్రిమాను: ఒక్క రోజులో అవుతాయా?

గుత్తిరోడ్డు:
డిసెంబరులో ఒక ఆదివారం అనంతపురం నుంచి కారులో పోవాలనుకుంటున్నాం. అమ్మకు మోకాళ్ళ నొప్పి, పదేళ్ళ పాప కూడా వస్తుంది. మూడూ చూసుకుని రాత్రికి ఇల్లు చేరొచ్చా? ముందు ఏది? పెనుకొండలో కొండ ఎక్కకపోతే చూడ్డానికి ఏమైనా ఉందా?

ఎర్రరాయి:
మర్రిమాను వదిలేయండన్నా. అది కదిరి అవతల, మీ దారికి పూర్తిగా పక్కన. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న మాను, కారు దిగి ఫోటో తీసుకుని వచ్చేది కాదు. కదిరి నరసింహస్వామి గుడితో కలిపి ఇంకో రోజు పెట్టుకోండి.

పెనుకొండ ముందు. ఆరింటికి బయల్దేరితే హైవే మీద 70 కిలోమీటర్లు, ఏడున్నరకల్లా ఊళ్ళో ఉంటారు. కొండ ఎక్కేవాళ్ళు అప్పుడే ఎక్కి తొమ్మిదిన్నరకు దిగాలి. గుండ్లు ఒకసారి కాగితే డిసెంబరైనా ఎండ ఎండే, పైన నీడ తక్కువ. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు కిందే నింపుకోండి.

అమ్మగారికి కింద చాలా ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం పోయాక తిరుమల రాయలు విజయనగర రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. వెంకటపతి రాయల కాలంలో అది చంద్రగిరికి పోయింది. చాలామంది పెనుకొండను రాజుల 'వేసవి విడిది' అనేసి ఊరుకుంటారు, అది సగం మాటే. గగన్ మహల్ తప్పక చూడండి: కింద తురుష్క పద్ధతి కమానులు, పైన గుడి విమానంలాంటి శిఖరం. మెట్లు ఇరుకు, అమ్మగారిని కిందే కూర్చోబెట్టండి. పక్కపక్కనే ఉన్న రాముడి గుడి, శివుడి గుడి, పార్శ్వనాథుడి బస్తీ (జైన గుడి), బాబయ్య దర్గా, అన్నీ ఊళ్ళోనే. కోట వాకిలి దగ్గర నిలువెత్తు ఆంజనేయుడున్నాడు. పాపకైతే కుంభకర్ణుడి పార్కు. చరిత్రకు దానికి సంబంధం లేదు గానీ, పిల్లలు మారు మాట్లాడకుండా అక్కడే ఉండిపోతారు.

మహల్ తాళం వేసి ఉంటే వెనక్కి తిరగొద్దు. చుట్టుపక్కల అడిగితే కాపలా మనిషి ఎక్కడున్నాడో చెప్తారు.

చెనక్కాయచేను:
లేపాక్షికి రెండు దార్లు. సోమందేపల్లి, హిందూపురం మీదుగా పోతే ఊళ్ళు అడ్డం వస్తాయి. హిందూపురం నుంచి లేపాక్షి 15 కి.మీ. హైవే మీదే ముందుకు పోయి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కుడికి తిరిగితే బండి హాయిగా పోతుంది. తిరుగుప్రయాణం హిందూపురం మీదుగా పెట్టుకుంటే చేలు, మల్బరీ తోటలు కనిపిస్తాయి. డిసెంబరుకు చెనక్కాయ పీకేసి ఉంటారు, పచ్చగా చూడాలంటే వానాకాలంలో రావాలి.

గుళ్ళో క్రమం ఇది. మధ్యాహ్నం చేరితే ముందు నాట్యమండపం, ఎందుకంటే లోపలి బండలు చల్లగా ఉంటాయి. రంగుల బొమ్మలన్నీ పైకప్పు మీద, మెడ పట్టేస్తుంది; ఫోన్ జూమ్ పెట్టి చూడండి, ఫ్లాష్ మాత్రం వద్దు. బయట నాగలింగం, సగంలో ఆగిపోయిన కల్యాణమండపం నాలుగింటి తర్వాత. అంతకుముందు వట్టి కాళ్ళతో అడుగు పెట్టలేరు, అమ్మగారికి మందం మేజోళ్ళు తీసుకోండి. వేలాడే స్తంభం కింద అందరూ గుడ్డ లాగుతుంటారు. ఒక మూల నేలను తాకీతాకనట్టు ఉంటుంది, ఆ వైపు గుడ్డ ఇరుక్కుంటే బలంగా లాగొద్దు. బసవన్న గుళ్ళో లేడు, కాస్త ఎడంగా ఊళ్ళో ఉన్నాడు. ఒకే రాయి, 27 అడుగుల పొడవు. అది చివరికి ఉంచుకోండి.

గుత్తిరోడ్డు:
మర్రిమాను తీసేశాం. మధ్యలో హేమావతి పెట్టొచ్చా? మరి తిండి ఎక్కడ?

ఎర్రరాయి:
హేమావతి ఒకప్పుడు నొళంబ రాజుల రాజధాని. అక్కడి సిద్ధేశ్వరుడు లింగంగా కాక మనిషి రూపంలో కూర్చుని ఉంటాడు, చూడాల్సిందే. కానీ అది మడకశిర అవతల. ఆ రోజు పెట్టుకుంటే లేపాక్షిలో చీకటి పడుతుంది. తిండికి పొద్దున పెనుకొండలో ఉగ్గాని బజ్జి, మధ్యాహ్నానికి చిత్రాన్నం ఇంటినుంచే కట్టుకురండి.

చెనక్కాయచేను:
బస్సులో వచ్చేవాళ్ళకు ఒక మాట: బెంగళూరు బస్సు ఎక్కితే పెనుకొండ ఊళ్ళోకి పోతుందా, బైపాస్‌లో దించుతుందా అని కండక్టర్‌ను ముందే అడగండి. హిందూపురం బస్సయితే మేలు.