5 అడుగుల రీఫ్ ట్యాంక్‌ల (పగడాలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంక్) ఎంపరర్ ఏంజెల్ చేప పెట్టొచ్చా? కోరల్స్ (పగడాలు) ఉన్నయ్, జర చెప్పండి

నల్లగొండ_రీఫ్:

అన్నలందరికీ నమస్తే. మాది నల్లగొండ. 3 ఏండ్ల సంది ఉప్పునీళ్ళ ట్యాంక్ నడిపిస్తున్న, 5 అడుగుల పొడుగు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. నిండ పోస్తే 560 లీటర్లు పడ్తది, రాళ్ళు ఇసుక పోను 450 దాకా నీళ్ళు ఉంటయ్ అనుకోండి. లోపల చేపలు రెండు క్లౌన్‌లు, ఒక ఎల్లో ట్యాంగ్, ఒక రాస్ ఉన్నయ్. కోరల్స్‌ల టోర్చ్, హ్యామర్, ఒక ట్రాకీ (ఈ మూడు మెత్తటి మాంసమున్న రాతి పగడాలు), ఒక రాయి నిండ జోవాస్ (గుండీల లెక్క చిన్నవి), రెండు లెదర్లు (తోలు లెక్క ఉండే మెత్తటి పగడాలు). నీళ్ళు ఆర్ఓ డీఐవే (ఫిల్టర్‌తోని లవణాలన్ని తీసినవి), మా బోరు నీళ్ళ టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 900 దాటుతది, డీఐ అయినంక మీటర్‌ల 0 చూపిస్తేనే ఉప్పు కలుపుత. సెలినిటీ (ఉప్పుదనం) 35, టెంపరేచర్ 26, ఆల్కలినిటీ 8.5, నైట్రేట్ (చేపల మురికి, మిగిలిన తిండితోని చేరేది) 10 లోపే ఉంటది.

మొన్న హైదరాబాద్ పోయినప్పుడు ఒక షాపుల చిన్న ఎంపరర్ చూసిన. 3 అంగుళాలు ఉంటది, ముదురు నీలం మీద తెల్ల గుండ్రాలు, నీళ్ళల్ల చుక్క పడ్తే గుండ్రాలు లేచినట్టే ఉంటయ్ కదా. మా బిడ్డ ఆ ట్యాంక్ కాడికెళ్ళి కదల్లేదు, అరగంట చూసింది. షాపాయన ఏమో రీఫ్‌ల పెట్టుకోండి సార్ ఏం కాదు చిన్నదే కదా అన్నడు. ఇంటికొచ్చి చదివితే ఒకరు కోరల్స్‌ను కొరుకుతది అంటరు ఒకరు ఏం జేయదు అంటరు. పెట్టినోళ్ళు ఉంటే మీ సొంత అనుభవం చెప్పండి. ఎల్లుండి దాకా ఆపి పెడ్త అన్నడాయన.

పాలమూరు_ఉప్పునీళ్ళు:

తమ్మీ, నేను పెట్టిన, అందుకే చెప్తున్న. నాది మహబూబ్‌నగర్, 4 అడుగుల ట్యాంక్ ఉండె అప్పుడు. నాకు కూడ గిట్లనే చిన్నదే కదా అన్నరు. మొదటి 5 నెలలు బంగారమే, రాళ్ళ మీద నాచు గీకుకుంట తిరిగేది, ట్యాంగ్ పక్కకు పోయి దాని ఒంటి మీద ఏమన్న పురుగులు ఉంటే ఏరేది, చిన్నప్పుడు అవి గట్లనే చేస్తయ్. 4 అంగుళాలు దాటినంక రంగు మారుడు మొదలైంది, గుండ్రాలు పోయి పసుపు గీతలు రాబట్టినయ్. ఆ టైముకే నోరు కూడ మారినట్టైంది.

ఎట్ల మొదలైందో చెప్త విను, నీకు అర్థం కావాలె. ట్రాకీ పొద్దున లైట్ పడంగనే ఉబ్బుతది కదా, తడి బట్ట ఆరేసినట్టు మడతలు మడతలుగా. ఈ చేప దాని మీదికి వచ్చి పక్కకు వంగి ఒక కంటితోని చూసేది. ఒక్క పోటు పొడిచి ఎల్లిపోయేది. ట్రాకీ ముడుచుకునేది. గంటకు మల్ల విప్పుకునేది, మల్ల ఒక పోటు. రోజుకు 5, 6 సార్లే, చూస్తే ఏమంత అనిపియ్యదు. కాని ముడుచుకున్న కోరల్‌కు వెలుగు అందదు, తిండి అందదు. 2 వారాలకు అంచు కాడ మాంసం తగ్గి కింద ఎముక తేలింది, దువ్వెన పండ్ల లెక్క తెల్లగ. మూడో వారం గోధుమ రంగు జిగురు పట్టింది, మూత తీస్తే వాసన. ఆ ఒక్క ట్రాకీని 2 ఏండ్లు పెంచిన, రాత్రి పూట మైసిస్ (సన్న రొయ్యల లెక్క ఉండే తిండి) ఒక్కొక్కటి పట్టకారుతోని నోట్ల పెట్టిన. ఇప్పటికీ మనసున పడ్తది.

తర్వాత జోవాస్ పట్టింది. లెదర్ జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే లెదర్లల్ల విషం ఉంటది, చేపలకు రుచియ్యదు. నీ దగ్గర టోర్చ్, హ్యామర్, ట్రాకీ అన్ని మెత్తటి మాంసమున్నయే, అవే దానికి మొదటి ముద్ద.

ఇంకోటి, తీసేద్దాం అనుకున్నప్పుడు తీసుడు అంత సులువు కాదు. రాళ్ళ సందుల దూరితే రాదు, లోపల్నుంచి గుర్రుగుర్రుమని సప్పుడు చేస్తది, అద్దం మీద చెయ్యి పెడ్తే తెలుస్తది. రాత్రి 11కు మొదలుపెట్టి రాళ్ళన్ని తీసి బకెట్లల్ల పెట్టినం. వల వాడొద్దు, దాని చెంప మీద గట్టి ముల్లు ఉంటది, అది వలల చిక్కితే చేపకు దెబ్బ, మన చేతికి దెబ్బ. డబ్బాల నీళ్ళతోని కలిపి పట్టుకోవాలె. దాన్ని పెద్ద ట్యాంక్ ఉన్న దోస్తుకు ఇచ్చిన.

మిర్యాలగూడ_బ్లూరింగ్:

నేను మాత్రం పెట్టొద్దు అని చెప్పను, కాని ఎట్ల పెడ్తున్నమో చెప్త, అది చూసి మీరే అనుకోండి. నాది 8 అడుగుల ట్యాంక్, అందుల బ్లూరింగ్ ఏంజెల్ 3 ఏండ్ల సంది ఉంది. మన దేశం సముద్రాల్ల దొరికే చేపనే, పెద్దదైతే 45 సెంటీమీటర్లు, ఎంపరర్ 40 దాకా పోతది. ఎంపరర్‌కు 700 లీటర్ల కంటే తక్కువ ట్యాంక్ అంటే నాకు మనసు ఒప్పదు, 6 అడుగుల కంటే తక్కువ పొడుగుల అది తిరగడానికి జాగనే ఉండదు, మీ 5 అడుగులల్ల రెండేండ్లు ఆగుతది, తర్వాత మల్ల ఎవరికన్న ఇయ్యాల్సిందే.

నా దగ్గర కోరల్స్ ఏమున్నయంటే లెదర్లు, మష్రూమ్‌లు, కొన్ని కొమ్మల రకాలు. మాంసమున్న ఎల్‌పీఎస్ (మీ టోర్చ్, ట్రాకీ సొంటి రాతి పగడాలు) ఒక్కటి లేదు, క్లామ్ (ఆల్చిప్ప) లేదు, ముందే వద్దనుకున్న. కోరల్స్ పెట్టి 1 సంవత్సరం నిలబడినంక ఆఖర్ల చేపను దించిన. రోజుకు 4 సార్లు తిండి. పొద్దున అద్దానికి నోరి (సముద్రపు నాచు) ఆకు క్లిప్ పెడ్త, మధ్యాహ్నం మైసిస్, సాయంత్రం స్పిరులినా, రాత్రికి సముద్రపు స్పాంజ్ జీవి కలిపిన ఫ్రోజెన్ తిండి. సముద్రంల ఈ పెద్ద ఏంజెల్స్ ఎక్కువగ తినేది స్పాంజ్‌లు, ట్యూనికేట్‌లు (రాళ్ళకు అంటుకుని ఉండే మెత్తటి జీవులు), దినమంతా రాయి రాయి తిరిగి కొంచెం కొంచెం కొరుకుతనే ఉంటయ్, అందుకే కడుపు నిండినా నోరు ఆగదు. తిండి పెడ్తే కొరుకుడు తగ్గుతది గాని పోతది అని ఎవ్వరు చెప్పినా నమ్మకండి.

గింత తిండి పెడ్తే నైట్రేట్ ఎక్కుతది, అది తగ్గాలంటే నీళ్ళు మార్చాలె, అదే అసలు ఖర్చు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు లెక్క, మీ 450 లీటర్లల్ల వారానికి 10 శాతం మార్చినా 45 లీటర్లు, అంటే కిలోన్నర పైన ఉప్పు ప్రతి వారం. నేను వారానికి 15 శాతం మారుస్త. స్కిమ్మర్ (నీళ్ళల్ల మురికిని నురగ చేసి తీసే మిషన్) ట్యాంక్ సైజు కంటే డబుల్ కెపాసిటీది పెట్టిన. ఎండకాలం మన దగ్గర 43, 44 డిగ్రీలు, చిల్లర్ (నీళ్ళు చల్లబరిచే మిషన్) లేకుంటే పని కాదు, ఫ్యాన్లు పెడ్తే 2 డిగ్రీలు తగ్గుతయ్ కాని రోజుకు 8 లీటర్ల నీళ్ళు ఆవిరైతయ్, ఆ నీళ్ళు ఆర్ఓవే పోయాలె, ఉప్పువి కాదు.

దేవరకొండ_టీచరమ్మ:

తమ్ముడూ, ముందుగల మీ బోరు నీళ్ళ గురించి చిన్న మాట. ఫ్లోరైడ్ గురించి భయపడి ఉప్పునీళ్ళ ట్యాంకే పెట్టనోళ్ళు మన జిల్లాల ఉన్నరు. సముద్రపు నీళ్ళల్ల సహజంగనే లీటరుకు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటది. మన బోరు నీళ్ళల్ల ఇబ్బంది దాంతోనే కాదు, నైట్రేట్, సిలికేట్, గట్టిదనం అన్నీ కలిసి నాచు పెంచుతయ్, లెక్క తప్పిస్తయ్. మీరు డీఐ పెట్టి 0 చూసుకుంటున్నరు కాబట్టి ఆ రంది లేదు.

ఇగ చేప విషయం. మీ బిడ్డకు ఏంజెల్ కావాలె, మీకు కోరల్స్ కావాలె అంటే జెనికాంథస్ జాతి చూడండి. లామార్క్, వాటనాబీ అని దొరుకుతయ్. ఏంజెల్ కుటుంబంలనే ఇవి వేరే బతుకు బతుకుతయ్, రాళ్ళు కొరకవు, నీళ్ళ మధ్యన తేలే సన్న ప్లాంక్టన్ తింటయ్. లామార్క్ 23 సెంటీమీటర్ల దాకా పెరుగుతది, నల్ల గీతలు, చీలిన పొడుగు తోక, ఈదుతుంటే తోక చివర్లు దారాల్లెక్క ఊగుతయ్. ఆడది పెద్దగైనంక మగదిగ మారుతది, అది మీ పాపకు చూపిస్తే మంచి పాఠం. లోతుల పట్టి తెస్తరు కాబట్టి కొన్నేటప్పుడు నిలువుగ, తలకిందుగ ఈదుతుందేమో చూడండి, గాలితిత్తి దెబ్బతిన్నదైతే బతకదు. మీ ముందల తిండి తినిపించమనండి.

ఏ చేపైనా సరే నేరుగ ట్యాంక్‌ల దించొద్దు. వేరే తొట్టిల నెల రోజులు పెట్టండి. తెల్ల మచ్చ రోగం వస్తే కాపర్ (రాగి) మందు ఆ తొట్టిలనే వాడాలె, రీఫ్‌ల కాపర్ పడితే కోరల్స్, నత్తలు, రొయ్యలు అన్ని పోతయ్. ఏంజెల్స్‌కు కూడ కాపర్ ఎక్కువైతే పడదు, టెస్ట్ కిట్టు లేకుండ కొలత లేకుండ పోయకండి.

ఇంకోటి కూడ చెప్పాలె. కోరల్స్ కొనేటప్పుడు దిగుమతి కాగితాలు, బిల్లు అడగండి. మన సముద్రాల్ల రాతి పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూల్ 1ల 2001ల చేర్చిన్రు, తీసినా అమ్మినా కొన్నా నేరమే. చౌకగ వస్తుందని ఎవరన్న సముద్రం నుంచి కోసుకొచ్చింది ఇస్తే తీసుకోవద్దు. ఆ పగడం చెట్టు పెరగడానికి ఎన్నేండ్లు పట్టిందో మనకు తెలుసు కదా, మన ట్యాంక్‌ల ఒక అంగుళం పెరగాలంటేనే ఎంత ఎదురుచూస్తం.

నల్లగొండ_రీఫ్:

అందరికీ చాల థ్యాంక్స్. పాలమూరు అన్నా, ట్రాకీ గురించి మీరు రాసింది చదివి లేచి పోయి మా ట్రాకీని చూసిన, లైట్ ఆరిపోయే టైము, సగం ముడుచుకుని ఉంది. ఎంపరర్ వద్దు అని షాపాయనకు ఫోన్ చేసి చెప్పిన. బిడ్డకు చెప్పుడే కష్టమైంది, ఆ చేప పెద్దగైతే మన ఇంట్ల దానికి జాగ చాలదు అంటే, మరి అది ఎక్కడ ఉంటది అని అడిగింది. సముద్రంల రోజంతా తిరుగుతది అని చెప్పిన.

టీచరమ్మా, లామార్క్ గురించి అడిగిన, 10 రోజుల్ల వస్తదంట. తొట్టి రేపే కడిగి పెడ్త. ఎక్కి దుంకుతయా ఇవి? మా ట్యాంక్‌కు మూత లేదు, పైన లైట్లు మాత్రం వేలాడుతున్నయ్.

దేవరకొండ_టీచరమ్మ:

దుంకుతయ్ తమ్ముడూ, అందులో కొత్తలైతే మరీ. చేప రాకముందే వల మూత చేయించండి, కన్ను పావు అంగుళం ఉండాలె, లైటు తగ్గదు, గాలి తగ్గదు. కరెంటు వైర్లు పోయే మూల కాడ ఖాళీ వదలొద్దు, నా రాస్ ఆ వేలు పట్టేంత సందుల నుంచే పోయింది, పొద్దున లేచి చూస్తే స్టాండ్ వెనుక దొరికింది.

పాలమూరు_ఉప్పునీళ్ళు:

అల్యూమినియం ఫ్రేమ్ కిటికీలు చేసెటాయన దగ్గర చేయించు తమ్మీ, కొలత ఇస్తే ఒక్కరోజుల ఇస్తడు. వల మాత్రం ప్లాస్టిక్‌దే కావాలె, ఇనుప దోమజాలి అయితే ఉప్పుకు తుప్పు పట్టి నీళ్ళల్ల రాలుతది.