సమస్యాపూరణం: ‘పలుకు లేని నోరు పలుకరించె’

మాస్టారు (నిర్వహణ):
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. ముందున్న మూడు పాదాలు మీరు పూరించాలి.

పలుకు లేని నోరు పలుకరించె

పలుకే లేని నోరు పలకరించడం ఏమిటన్నదే చిక్కు. సమాధానం చిరునవ్వేనని చదవగానే తెలిసిపోతుంది, అందులో దాపరికం లేదు. కాబట్టి ‘నవ్వు గొప్పది, నవ్వు దివ్యమైనది’ అని మూడు పాదాలు నింపి పంపితే మార్కులు పడవు. ఆ నోరు ఎవరిది, దానికి పలుకు ఎందుకు లేదు, ఎవరిని పలకరించింది? ఇవి కనబడాలి.

కొత్తవారికి ఒక్క మాట. పాదాన్ని విరిచే అక్షరాల గుంపులే గణాలు; సూర్యగణాలు చిన్నవి, ఇంద్రగణాలు కాస్త పెద్దవి. 1, 3 పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం యతి, అంటే అది పాదం మొదటి అక్షరంతో కలవాలి. అరసున్నల పట్టింపు ఇక్కడ లేదు, వాడుక మాటలకు అడ్డు లేదు. యతి తప్పితే మాత్రం ఊరుకోను.

బామ్మ మనవడు:
మాస్టారూ, మా బామ్మ డాలస్‌లో మా దగ్గర ఆరునెలలు ఉండి వెళ్ళింది. ఇంగ్లీషు ముక్క రాదు. పార్కుకి వెళ్తే మాత్రం మాకన్నా ఆవిడకే ఎక్కువమంది చెయ్యూపేవారు.

పార్కు బెంచి మీద పరదేశ వనితను
చూచి మామ్మ తొలుత చూపు గలిపె;
భాష రాని చోట పండ్లూడి మెరిసిన
పలుకు లేని నోరు పలుకరించె.

చింతచిగురు:
‘పండ్లూడి మెరిసిన’ దగ్గర ఆగిపోయానండీ. బాగుంది! ‘పార్కు బెంచి’ పద్యంలో ఇముడుతుందా అని ముందు అనుమానం వచ్చింది. రెండుసార్లు చదివాక ఇంకేం పెట్టినా కృతకంగా ఉంటుందనిపించింది.

మాస్టారు:
ఇమిడింది. భరతుడు నాట్యశాస్త్రంలో నవ్వును ఆరు రకాలుగా విడదీశాడు: స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం. మొదటిదైన స్మితంలో చెక్కిళ్ళు కొద్దిగా విచ్చుకోవాలి, పళ్ళు కనబడకూడదు. మామ్మగారికి పళ్ళే లేవు కనుక ఆ నియమం దానంతటదే కుదిరింది. ‘భా’కి ‘పం’ యతి చక్కగా పడింది. ఇక్కడ నోటికి పలుకు లేకపోవడానికి కారణం పరాయి భాష. సమస్య తాళం తీసిన పద్ధతి ఇదీ.

కొత్త కలం:
నా మొదటి ప్రయత్నం, తప్పులుంటే దిద్దండి.

నెలలు రెండు నిండ నెలబాలు డుయ్యాల
నుండి తల్లి వైపు నూత్న రీతి
చూచి బోసి నవ్వు చూపెను తొలిసారి;
పలుకు లేని నోరు పలుకరించె.

మాస్టారు:
గణాలు, యతులు సరిగ్గా ఉన్నాయి. ‘నూత్న రీతి’ యతి కోసం తెచ్చిన మాట, పద్యానికి అది చేసే పనేమీ లేదు. ‘నెలలు రెండు’ అనడం మాత్రం సరైన లెక్క. పురిటిపిల్లలు నిద్రలో నవ్వితే దేవుడు నవ్విస్తున్నాడంటారు మన పెద్దవాళ్ళు. అది ఎదుటి మనిషి కోసం నవ్వే నవ్వు కాదు. ముఖం చూసి బదులుగా నవ్వడం సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలవుతుంది. అందుకే ‘తొలిసారి’ అన్న మాటకు బలం ఉంది.

రాత్రి డ్యూటీ:
నేను నర్సుని. 2020లో కోవిడ్ వార్డులో చేశాను. పేషెంటు చెప్పుకుంటున్నట్టు రాశాను.

మూతి కట్టు వెనుక ముసిముసి నవ్వులు
కనుల కొసల దాక కదలి రాగ
నర్సు దరికి చేర నా గుండె కుదుటాయె
పలుకు లేని నోరు పలుకరించె.

అరుగు కబుర్లు:
అమ్మా, భావం బాగుంది కానీ ఒక సందేహం. మాస్కు కట్టుకుంటే నోరే కనబడదు. కనబడని నోరు పలకరించిందంటే ఎలా ఒప్పుకోవడం?

రాత్రి డ్యూటీ:
కళ్ళు చెప్పేస్తాయండీ. పెదవులు నవ్వి కళ్ళు నవ్వకపోతే మంచం మీద ఉన్నవాళ్ళకి తెలిసిపోతుంది. ఊపిరాడక టెన్షన్‌లో ఉన్న మనిషి మన కళ్ళనే చూస్తాడు, వేరే చూడ్డానికి ఏముంది అక్కడ?

మాస్టారు:
ఆవిడ చెప్పింది నిజమే. ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ 1862లోనే ఈ సంగతి రాశాడు. పెదవి కొసల్ని పైకి లాగే కండరం మన మాట వింటుంది, కంటి చుట్టూ ఉన్న కండరం అంత తేలిగ్గా వినదు. మనసులోంచి వచ్చిన నవ్వుకే అది కదులుతుందని ఆయన లెక్క. ఆయన పేరు మీదే అలాంటి నవ్వును డ్యూషెన్ నవ్వు అంటున్నారు. ‘కనుల కొసల దాక కదలి రాగ’ అన్న పాదంలో సరిగ్గా ఆ కండరమే ఉంది, పేరు లేకుండా.

ఇంకో సంగతి. ఎబోలా వచ్చినప్పుడు 2015లో మేరీ బెత్ హెఫర్నన్ అనే అమెరికన్ కళాకారిణి లైబీరియా వెళ్ళి, డాక్టర్ల, నర్సుల నవ్వు ముఖాలు ఫొటోలు తీసి, వాటిని వాళ్ళ రక్షణ దుస్తుల మీద అంటించే ఏర్పాటు చేసింది. లోపల ఎవరున్నారో తెలియని ఆ ముసుగుల మధ్య, తనకు మందిచ్చేది ఎవరో రోగికి తెలియాలని. తర్వాత కోవిడ్‌లోనూ కొన్ని ఆసుపత్రులు ఆ దారి పట్టాయి.

దిద్దుబాటు దగ్గరకొస్తే, ‘కుదుటాయె’ కన్నా ‘కుదుటపడె’ వాడుక. కానీ అది గణానికి సరిపోదు. ‘నా భీతి తొలగెను’ అంటే ఛందస్సు సరే, పద్యం మాత్రం చప్పబడుతుంది. మీదే ఉంచండి.

పొలం గట్టు:
మాది పల్లెటూరు, మా దగ్గర జరిగేదే రాశాను.

పొలము గట్టు మీద పుట్టెను తగవొండు;
అన్నదమ్ముల మది పంత ముడిగె;
పెండ్లి పందిరందు పెదవులు విరియంగ
పలుకు లేని నోరు పలుకరించె.

అరుగు కబుర్లు:
ఆహా! ‘వాళ్ళిద్దరికీ పలుకుల్లేవు’ అంటాం కదా, ఆ అర్థం తెచ్చారు. ఇప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

మాస్టారు:
రెండో పాదంలో యతి తప్పింది. ‘అన్న’లోని అకారానికి నాలుగో గణంలో ‘పం’ కుదరదు. అకారానికి హకారంతో మైత్రి ఉంది కనుక ఇలా మార్చుకోండి:

అన్నదమ్ముల మది హఠము విడిచె

అర్థం అదే, యతి దక్కింది. ఇక పూరణ విషయం. ఈ వారం వచ్చినవాటిలో నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది ఇదే. మాటలు మానేసిన అన్నదమ్ముల్లో ముందు నోరు తెరిచినవాడు తగ్గినట్టు లెక్క, ఎవరూ తెరవరు. నవ్వితే ఆ చిక్కు లేదు. ‘నేనేం మాట్లాడలేదే’ అని ఇంటికెళ్ళి భార్యకి చెప్పుకోవచ్చు. పరువు పోకుండా రాజీకి అదొక దొడ్డిదారి. మీరు మూడో పాదంలో ఎవరు ముందు నవ్వారో చెప్పకుండా వదిలేశారు చూడండి, తెలిసి చేశారో తెలియక చేశారో గాని, అదే పద్యానికి ప్రాణం.

పొలం గట్టు:
తెలిసే చేశాను మాస్టారూ. ఊళ్ళో అడిగితే ఇద్దరూ ‘వాడే ముందు నవ్వాడు’ అంటారు.

మండువా లోగిలి:
పౌరాణికం లేకపోతే ఎలా?

రామచంద్రు మోము రంజిల్ల నవ్వుతో
మాట కన్న ముందె మనసు తెలుప
గుహుడు నిలిచె మురిసి, కూరిమి చిందెడు
పలుకు లేని నోరు పలుకరించె.

మాస్టారు:
ధార ఉంది. వాల్మీకి రాముణ్ణి ‘స్మితపూర్వాభిభాషి’ అన్నాడు, ముందు నవ్వి ఆ తర్వాత మాట్లాడేవాడని. మీ రెండో పాదం దానికి తెలుగు రూపంలా ఉంది. అయితే గుహుడి ఘట్టంలో రాముడు అతన్ని చేతులారా కౌగిలించుకున్నాడు. కౌగిలిని వదిలేసి నవ్వు దగ్గరే ఆపడం మీ కల్పన. తప్పనను, కౌగిలి కూడా మాటల్లేని పలకరింపే కదా, ఆ అవకాశం జారిపోయింది.

బామ్మ మనవడు:
సరదాకి ఇంకొకటి.

వాట్సపందు నత్త వడివడి పంపిన
పసుపు పచ్చ బొమ్మ పండ్లు చూప
కోడ లలుక తీరె, కోపమ్ము లేదయ్యె
పలుకు లేని నోరు పలుకరించె.

చింతచిగురు:
‘నత్త వడివడి’ అని చదివి ఉలిక్కిపడ్డాను. ద్రుతం, అదే ‘అత్త’ ముందు చేరిన నకారం, ఎంత పని చేసింది, పాపం అత్తగారు!

మాస్టారు:
నవ్వు ఆగలేదు. అలాంటి పసుపు గుండ్రటి నవ్వు బొమ్మ 1963లో హార్వీ బాల్ అనే అమెరికన్ చిత్రకారుడు ఒక బీమా కంపెనీ ఉద్యోగుల్ని హుషారు చేయడానికి గీసింది. అందుకు ఆయనకు దక్కింది 45 డాలర్లు. కానీ మా కోడలైతే పళ్ళు చూపే బొమ్మను వెటకారం కింద తీసుకుంటుంది. అందుకని మీ మూడో పాదం నేను నమ్మను.

చింతచిగురు:
అందరూ నవ్వుని ఒకే కంట చూస్తున్నారు. ఆడపిల్ల బస్సులో ఎవరినైనా చూసి నవ్వితే ఏమవుతుందో తెలుసుగా. ‘నవ్వు నాలుగు విధాల చేటు’ అని మాకు చిన్నప్పటినుంచీ నూరిపోసేది అందుకే.

బస్సు లోన నవ్వ భయమయ్యె నింతికి
వెకిలి చూపు లెన్నొ వెంట బడగ;
ప్రక్క సీటు లోని పడతి జంకు తొలగ
పలుకు లేని నోరు పలుకరించె.

రాత్రి డ్యూటీ:
నైట్ డ్యూటీ దిగి తెల్లారుజామున బస్సెక్కేదాన్ని నేను. పక్కన ఎవరైనా ఆడమనిషి నవ్వితే చాలు, సంచి ఒళ్ళో పెట్టుకుని కన్ను మూసేదాన్ని. ఇది నా పద్యం అనిపించింది.

మాస్టారు:
భయపెట్టేదీ నవ్వే, ధైర్యం చెప్పేదీ నవ్వే. రెంటినీ నాలుగు పాదాల్లో పెట్టావమ్మా. ‘పడతి’, ‘నోరు’ మధ్య ‘జంకు తొలగ’ అడ్డొచ్చి అన్వయం కాస్త దూరమైంది, ఒకటికి రెండుసార్లు చదివితే గాని ఎవరి నోరో తెలియడం లేదు. మూడో పాదం మళ్ళీ రాసి పంపు, చూస్తాను.

వచ్చే వారానికి తేటగీతి పాదం:

చీకటింటికి దీపమ్ము చేటు దెచ్చె

ఆదివారం రాత్రిలోగా పంపండి. దీపం తగిలి కొంప అంటుకుందని మాత్రం రాయకండి, అది నేనే రాసుకోగలను.