ఇంకుడు గుంత లేని ఇంటికి అనుమతి ఆపాలా?

వానచినుకు: పురపాలక సంఘాలు కొత్త ప్రణాళికల్లో ఒక్క నియమం పెడితే చాలు: గుంత లేదా, అనుమతి లేదు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 100 చదరపు మీటర్ల డాబా మీద 50 మి.మీ. పడితే 5000 లీటర్లు. అవి రోడ్డెక్కడం దేనికి? చెన్నైలో 2003లోనే అన్ని భవనాలకూ తప్పనిసరి చేశారు.

బావిగట్టు: అదే చెన్నై 2015లో మునిగింది, 2019లో ఎండింది. అదీ రాయండి.

వానచినుకు: అంత వానను ఏ గుంత ఆపుతుందండీ? మామూలు వానల గురించి నేను మాట్లాడేది.

బావిగట్టు: మామూలు వానకే లెక్క చూద్దాం. రెండేసి మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత 8 ఘనపు మీటర్లు. రాళ్లు నింపాక ఖాళీ 40 శాతం ఉందనుకున్నా పట్టేది 3200 లీటర్లే. రేగడి నేలైతే అది ఇంకేలోపే ఇంకో వాన.

ఎర్రమట్టి: తవ్వడం సరే, పూడిక తీసేదెవరు? మా గుంత మూడో ఏటికే ఒండ్రుతో నిండింది.

వానచినుకు: తొలి వాన నీటిని బయటికి వదిలేసి, ముందు ఒక వడపోత తొట్టి కట్టుకుంటే అంత తొందరగా పూడదు.

బావిగట్టు: మళ్లీ గుంతే! నాకు గుంతా ఉంది, వడపోతా ఉంది. అయినా పోయిన వానాకాలం సెల్లారులో నడుము లోతు నీళ్లు. అవి నా డాబా మీదివి కావు. ఎగువన వాగును పైపులోకి తోసి పైన ప్లాట్లు వేశారు. ఫిర్యాదుకి వెళితే "మీ ఇంట్లో గుంత ఉందా?" అని అడిగారు. ఒళ్లు మండిపోయింది.

వానచినుకు: మీ సెల్లారు మునిగిందని ఊరందరికీ నియమం వద్దంటారా?

బావిగట్టు: వద్దని ఎక్కడన్నాను? చదివి రాయండి. ఎగువన ఒక్క ఇటుక కూడా పడనివ్వకండి అంటున్నాను.

చెలమ: కాస్త నెమ్మదండీ ఇద్దరూ.

మెట్టపొలం: ఆ ఎగువన ఉన్నది మేము. మా ఐదెకరాలు పరీవాహక ప్రాంతంలో ఉన్నాయని గీత గీశారు. కట్టుకోలేం, అమ్ముదామంటే కొనేవాడు లేడు. మీ సెల్లారు పొడిగా ఉండటానికి మా అమ్మాయి చదువు ఆపాలా? న్యూయార్క్ నగరం 1997లో ఎగువ ఊళ్లతో ఒప్పందానికి వచ్చింది. తాగునీటికి పెద్ద వడపోత కేంద్రం కట్టే బదులు, అమ్ముతామన్నవాళ్ల భూములే కొన్నది. పశువుల పెంట వాగుల్లో కలవకుండా రైతులు చేసుకునే పనులకు డబ్బిచ్చింది. మాకు వచ్చింది నోటీసు ఒక్కటే.

బావిగట్టు: మీ వైపు నుంచి ఆలోచించలేదు, నిజమే. జర్మనీలో చాలా పట్టణాల్లో కాంక్రీటుతో నేలను కప్పిన మేరకు వాననీటి రుసుము కట్టించుకుంటారు. అలాంటిది ఇక్కడా పెట్టి, అందులో కొంత ఎగువకు పంపితే నేను కడతాను.

వానచినుకు: గుంత తవ్వుకున్న నేనూ కట్టాలా? నా నీళ్లు నేను ఇంకించుకున్నాక ఎవరి పొలానికో నేనెందుకివ్వాలి?

మెట్టపొలం: మీ కుళాయి నీళ్లు ఏ చెరువువండీ? ఆ చెరువులోకి నీళ్లు వచ్చేది మా పొలాల మీదుగానే కదా.

వానచినుకు: కుళాయి సంగతి ఒప్పుకుంటాను. గుంత ఉన్నవాళ్లకు రుసుము తగ్గించాలి. ఆ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందో నియమంలోనే రాయాలి. పురపాలక సంఘం మామూలు ఖర్చుల్లో కలిపేస్తే మాత్రం నేను పైసా ఇవ్వను.