సల్కాటా తాబేలుకు ఏం పెట్టాలి?

ప్రశ్న (కావలి): మేము పెంచుతున్న ఆఫ్రికా సల్కాటా తాబేలు టమాటా, దోసకాయ తప్ప మరేదీ ముట్టడం లేదు, పైగా పెంకు మీద బుడిపెలు లేస్తున్నాయి. మేత ఎలా మార్చాలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఒంగోలు): ఇది గడ్డి మేసే జీవి కనుక, మేతలో ముప్పాతిక వంతుకు తగ్గకుండా గరిక వంటి గడ్డి ఉండి, మిగతాది మందార ఆకులు, పూలు, మునగాకు, ముళ్లు తీసిన నాగజెముడు మట్టలతో రోజుకొక రకంగా మారుతూ ఉండాలి. గడ్డిని సన్నగా తరిగి టమాటా రసంలో కలిపి పెడుతూ, ఆ రసాన్ని క్రమంగా తగ్గించండి. ఓపిక మీకే కావాలి, దానికి చాలా ఉంది. పాలకూరలోని ఆక్సలేట్లు అనే పదార్థాలు కాల్షియాన్ని ఒంటబట్టనివ్వవు. అన్నం అసలే వద్దు.

జవాబు (నెల్లూరు): కాల్షియం కోసం, మైపాడు ఒడ్డున దొరికిన కటిల్ చేప (స్క్విడ్ లాంటి సముద్రజీవి) ఎముకను ఉప్పు పోయేదాకా నానబెట్టి ఎండబెట్టి వేస్తే, మాది అంచులు గీరి గీరి తింటుంది. అయితే ఎండ తగలనిదే ఆ కాల్షియం పనిచేయదు. తేమ చాలకపోయినా బుడిపెలు వస్తాయి. అది సల్కాటాయేనని నిర్ధారించుకోండి, ఎందుకంటే నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.